బండికి తోడు వేశావా?

కిందటి ఉత్తరం చివర్లో మేం కొన్న కారు సంగతి ఒక్క ముక్క రాసి వదిలేశాను. దాని గురించి మీలో చాలామంది అడిగారు. ఎలా ఉంది, నిజంగా పెట్రోలు మిగులుతుందా, మేమూ కొనొచ్చా అని. వెంటనే రాయకపోవడానికి కారణం ఉంది. మూడు వారాలు నడిపి కారు గురించి ఏం చెప్పినా అది షోరూము వాళ్ల మాటే అవుతుంది. ఇప్పటికి ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడిచాయి. పైగా ఈ వేసవిలో అమ్మా నాన్నా తెనాలి నుంచి అమెరికా వచ్చి, న్యూజెర్సీలో నాలుగు నెలలు మా దగ్గరే ఉన్నారు. నాన్న ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. అప్పటిదాకా నేను ఆ కారును నడిపానే గానీ సరిగ్గా చూడలేదని, ఆయన దాన్ని చూస్తుంటే తెలిసింది. కాబట్టి ఈ ఉత్తరంలో సగం ఆయనదే.

కారు వోల్వో ఎక్స్‌సీ90, ప్లగ్-ఇన్ హైబ్రిడ్, 2023 మోడల్. కొత్తదైతే 70 వేల డాలర్లకు పైమాటే. మేం రెండేళ్లు వాడిన బండి తీసుకున్నాం. నాన్నకి వోల్వో అంటే గరుడ బస్సు. న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో సామాను ఎక్కిస్తూ ముందున్న బొమ్మ చూసి, "ఇదీ వాళ్లదేనా?" అన్నారు. పుట్టిల్లు ఒకటే గానీ వేరుపడి చాలా కాలమైంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1927లో మొదలైన ఆ కంపెనీ 1999లో కార్ల విభాగాన్ని ఫోర్డ్‌కి అమ్మింది. ఫోర్డ్ దగ్గర్నుంచి 2010లో చైనాకు చెందిన జీలీ కొనుక్కుంది. బస్సులు, లారీలు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. ఇదంతా దారిలో చెబితే, "అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారన్నమాట" అన్నారు నాన్న. అమ్మ మాత్రం గేరు పిడి దగ్గరే ఆగిపోయింది. అది స్వీడన్‌లోనే ఓరెఫోర్స్ అనే పేరున్న గాజు కంపెనీ చేసిన స్ఫటికం. లోపల సన్నటి వెలుతురు. "పటికబెల్లం ముక్క పెట్టారేమే!" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు పటికబెల్లమే. మా చిన్నాడు కూడా "పటికబెల్లం వెనక్కి లాగమ్మా" అంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే నాన్న గ్యారేజీలో కారు పక్కన చాప పరుచుకుని పడుకుని, టార్చి వేసి అడుగుభాగం చూస్తున్నారు. లేచి, "ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏదమ్మాయ్?" అన్నారు. నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. ఈ బండిలో ముందు చక్రాలను పెట్రోలు ఇంజను తిప్పుతుంది, వెనక చక్రాలను కరెంటు మోటారు తిప్పుతుంది. ముందుకీ వెనక్కీ కలిపే కడ్డీ లేదు. మామూలుగా ఆ కడ్డీ వెళ్లే దారిలో, సీట్ల మధ్య, బ్యాటరీని పొడుగ్గా పడుకోబెట్టారు. ఇంజను రెండు లీటర్లది, 312 హార్స్‌పవర్. మోటారు 143. రెండూ కలిసి తోస్తే 455. నాన్న ఆ మాట విని కాసేపు చక్రాల వంక చూశారు. "ఒకే బండికి రెండు ఎడ్లు కట్టినట్టు కాదు ఇది. ముందొకడు లాగుతున్నాడు, వెనకొకడు నెడుతున్నాడు" అన్నారు. బురదలో దిగబడ్డ బస్సుల్ని ఎన్నింటిని తోయించారో ఆయన!

బ్యాటరీలో 18.8 యూనిట్ల కరెంటు పడుతుంది. 2015లో ఈ రకం ఎక్స్‌సీ90 మొదట వచ్చినప్పుడు అది 9.2 యూనిట్లే. పూర్తిగా నింపితే పెట్రోలు చుక్క కాలకుండా సుమారు 35 మైళ్లు, అంటే 56 కిలోమీటర్లు వెళ్తుందని ప్రభుత్వ లెక్క. మాకు వేసవిలో అంతా వస్తోంది. జనవరిలో 25 దాటడం కష్టం. చలికి బ్యాటరీ ముడుచుకుంటుంది, పైగా లోపల వేడి పెట్టడానికీ అదే కరెంటు. అందుకని చలికాలంలో ప్లగ్గులో ఉండగానే, బయల్దేరే ముందే, కారు లోపలిని వెచ్చబెట్టమని ఫోన్లో చెబుతాను. ఆ వేడి ఇంటి కరెంటుతో వస్తుంది, బ్యాటరీ నిండుగా మిగులుతుంది. కొత్తగా కొన్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

ఇక నడపడం ఎలా ఉంటుందంటే, పొద్దున్నే పిల్లల్ని బడికి దించే వేళ చూడాలి. బటన్ నొక్కితే చప్పుడు లేదు. గ్యారేజీలోంచి బయటికి వచ్చేటప్పుడు తుమ్మెద లాంటి సన్నటి ఝుంకారం ఒకటి వినిపిస్తుంది. అది మోటారుది కాదు. కరెంటు మీద మెల్లగా కదిలే కార్లు గంటకు 30 కిలోమీటర్ల వేగం లోపల ఏదో ఒక చప్పుడు చెయ్యాలని ఇక్కడి రూలు. చూపులేనివాళ్లు, నడిచేవాళ్లు ఉలిక్కిపడకుండా. మంచి రూలు. వీధి మలుపు తిరిగి కాస్త తొక్కితే బండి వెనక నుంచి మెత్తగా తోసినట్టు లేస్తుంది. గేర్లు మారిన కుదుపు ఉండదు. 2,300 కిలోలకు పైన బరువున్న బండి అంటే నమ్మబుద్ధి కాదు. మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు మాత్రం ఆ బరువు తెలుస్తుంది. సన్న రోడ్లలో దీన్ని చిన్న కారులా తిప్పాలని చూడకూడదు.

కరెంటు అయిపోయాక ఇంజను అందుకుంటుంది. మా పిల్లలకి అది తెలియను కూడా తెలియదు. నాన్నకి తెలుస్తుంది. ఐ-287 హైవే మీద వెళ్తూ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, వేలెత్తి "ఇదుగో, పడింది" అనేవారు. నేను మీటరు చూస్తే నిజంగానే అప్పుడే ఇంజను మొదలై ఉండేది. ఆయనకి ఒక్క విషయం నచ్చలేదు, అది ఈ జాతి బండ్లలో చాలావాటికి వర్తిస్తుంది. హైవే ఎక్కే చోట గట్టిగా తొక్కితే, అప్పటిదాకా నిద్రపోతున్న ఇంజను చల్లగా ఉండగానే పూర్తి బరువు ఎత్తుకోవాలి. "చల్ల ఇంజన్ని తొక్కకూడదమ్మాయ్. ఆయిలు పైకెక్కేదాకా ఆగాలి" అన్నారు. అప్పట్నుంచి హైవే దగ్గర పడుతుంటే రెండు నిమిషాల ముందే మోడ్ మార్చి ఇంజన్ని లేపుతున్నాను. ఈ మాట ఏ షోరూములోనూ ఎవరూ నాకు చెప్పలేదు.

ఒక శనివారం జరిగింది చెప్పాలి. ఆ రోజు పొద్దున పెద్దదాన్ని సంగీతం క్లాసులో దించి, ఓక్ ట్రీ రోడ్డు మీద కూరలు కొని, బ్రిడ్జివాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి వచ్చాం. మా ఊరు ఎడిసన్ నుంచి గుడికి పోను రాను ముప్పై మైళ్లు. ఇల్లు చేరాక అమ్మ కరివేపాకు కవరు పట్టుకుని లోపలికి వెళ్లింది. నేను సంచులు దింపుతున్నాను. నాన్న కారు ముందుకి వచ్చి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, అరచేయి బానెట్ మీద ఆనించారు. డిపోలో లైను దాటి వచ్చిన ప్రతి బస్సుకీ ఆయన అలాగే చేసేవారట. వేడి ఏ మేరకుందో చూస్తే రేడియేటరు సంగతి, ఫ్యాన్ బెల్టు సంగతి చేతికే తెలుస్తాయట. ఆ చెయ్యి అలాగే ఉంచి నా వైపు తిరిగారు. "చల్లగా ఉంది" అన్నారు. ఇంకో చోట పెట్టి చూశారు. మళ్లీ, "చల్లగా ఉందే!" ఆ తర్వాత వెనక్కి వెళ్లి పొగగొట్టం దగ్గర వంగి వేలు తిప్పి చూసుకున్నారు. మసి లేదు.

ఆయనకి రోజూ పొద్దున్నే దగ్గు వస్తుంది. సిగరెట్టు ముట్టని మనిషి. మూసిన షెడ్లో స్టార్టు చేసిన బస్సుల మధ్య ముప్పై నాలుగేళ్లు. వేలు తుడుచుకుంటూ, "మా షెడ్లో ఇలాంటివి ఉంటే..." అని ఆగిపోయారు. నాకు ఆ కారు మీద ఇష్టం ఆ పూట నుంచే అనుకుంటాను. బడి ముందు వరసలో నిలబడి పిల్లలు దిగే ఆ ఐదు నిమిషాలూ నా బండి వెనక పొగ లేకపోవడం అనేది నాకు అంతకు ముందు లెక్కలో లేని లాభం.

సరే, లెక్క దగ్గరికే వద్దాం. మీరు ఎక్కువగా అడిగింది అదే. నాన్న అడిగిందీ అదే, కాకపోతే ఆర్టీసీ భాషలో: "కేఎంపీఎల్ ఎంత?" లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్నది డిపోలో దేవుడి పేరు లాంటిది. డ్రైవర్ల పేర్ల పక్కన బోర్డు మీద ఆ అంకె రాసేవారు. నేను కారు తెర మీద కనిపించిన అంకె చెబితే ఒప్పుకోలేదు. ఒక నోటు పుస్తకం తెప్పించి గళ్లు గీశారు. తేదీ, మీటరు, యూనిట్లు, గ్యాలన్లు. రోజూ సాయంత్రం రాయడం మొదలుపెట్టారు.

ఆరు వారాలకి 900 మైళ్లు తిరిగాం. అందులో 610 మైళ్లు కరెంటు మీదే. పెట్రోలు 11 గ్యాలన్లు. ఆయన తన లెక్కలోకి మార్చుకున్నారు. 1,448 కిలోమీటర్లు, 41.6 లీటర్లు, కేఎంపీఎల్ 34.8. ఆ అంకె కింద రెండు గీతలు గీశారు. తర్వాత పిట్స్‌బర్గ్ వెళ్లొచ్చాం. 690 మైళ్లు, 25 గ్యాలన్లు. అంటే 1,110 కిలోమీటర్లకి 94.6 లీటర్లు, కేఎంపీఎల్ 11.7. అదే బండి, అదే డ్రైవరు. నాన్న ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. డిపోలో ఒకే బస్సుకి ఇంత తేడా వస్తే డీజిలు దొంగతనం జరిగిందని విచారణ వేసేవారట.

తేడా అంతా ప్లగ్గుదే. పిట్స్‌బర్గ్ దారిలో మొదటి 35 మైళ్లు అయ్యాక మేం నడిపింది భారీ పెట్రోలు కారును, ఒక బరువైన బ్యాటరీని డిక్కీ సామానులా మోస్తూ. ఇది మా ఒక్కరి అనుభవం కాదు. యూరోపియన్ కమిషన్ 2021లో రిజిస్టరైన కార్ల మీటర్లలోంచే ఇంధనం లెక్కలు తీయించి 2024లో నివేదిక ఇచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడు, ల్యాబ్ పరీక్షలో చూపించినదానికి సగటున 3.5 రెట్లు ఉందని తేలింది. అనుకున్నంతగా జనం వాటికి ఛార్జింగ్ పెట్టడం లేదు. అందుకే ఎవరైనా "ఆ కారు ఎంతిస్తుంది?" అని అడిగితే నేను ఎదురు అడుగుతున్నాను: రాత్రి మీ బండి ఎక్కడ పడుకుంటుంది, దాని తల దగ్గర ప్లగ్గు ఉందా?

డబ్బు సంగతి కూడా దాచకుండా చెబుతాను. 610 మైళ్లకి గోడ దగ్గర కాలింది 305 యూనిట్లు. మా ఇంటి బిల్లులో యూనిట్‌కి 20 సెంట్లు, అంటే 61 డాలర్లు. అదే దూరం ఈ బండే పెట్రోలు మీద వెళ్తే 22 గ్యాలన్ల పైచిలుకు, మా ఊరి ధరకి 72 డాలర్లు. ఆరు వారాలకి మిగిలింది పదకొండు. డబ్బు ఆదా కోసమే అయితే ఇంత ఖరీదైన బండి కొనకండి. అదే మాట నేను మా మరిదికి కూడా చెప్పాను. మీ ఊళ్లో కరెంటు చవకై, పెట్రోలు ప్రియమైతే లెక్క మారుతుంది. మీరే వేసుకుని చూడండి, గళ్లు పైన చెప్పినవే.

మన దేశం నుంచి అడిగినవాళ్లకి ఒక మాట. అక్కడ పూర్తి కరెంటు కార్లకి జీఎస్‌టీ 5 శాతం. ఇలాంటి పెద్ద హైబ్రిడ్‌లకి 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. ఆ తేడా ముందు మిగతా లెక్కలన్నీ చిన్నవైపోతాయి. హైదరాబాదులో, విజయవాడలో ఇంటి దగ్గర ప్లగ్గు ఉన్నవాళ్లు పూర్తి కరెంటు కారు వైపే చూడడం మేలని నా అభిప్రాయం.

ఛార్జింగ్ గురించి. మొదట్లో మేం గ్యారేజీలో ఉన్న మామూలు 120 వోల్టుల ప్లగ్గుకే పెట్టాం. నిండడానికి రాత్రంతా పట్టి పొద్దున కూడా కొంచెం మిగిలేది. తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 240 వోల్టుల లైను వేయించాం. ఇప్పుడు ఐదు గంటలు. హైవే పక్కన ఉండే వేగవంతమైన ఛార్జర్లు ఈ బండికి పనికిరావు, వాటి కేబులు దీనికి పట్టదు. కాబట్టి దీని తిండి ఇంటి తిండే. అలవాటు పడేదాకా నేను రెండు మూడు రాత్రులు మర్చిపోయాను. అమ్మ వచ్చాక ఆ భయం పోయింది. రాత్రి వంటింట్లో పాలు గోరువెచ్చగా చేసి గిన్నెలో తోడు వేసి మూత పెట్టాక, అక్కణ్నుంచే కేకేసేది: "అమ్మాయ్, బండికి తోడు వేశావా?" పొద్దునకి అటు పెరుగూ, ఇటు బండీ. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక్క రాత్రి తప్పలేదు.

పిట్స్‌బర్గ్ ప్రయాణం గురించి రాయకపోతే నాన్న ఒప్పుకోరు. పెన్ హిల్స్‌లో కొండ మీద ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి 1970లలో కట్టింది. ఈ దేశంలో మనవాళ్లు కట్టుకున్న తొలి గుళ్లలో ఒకటి. అమ్మకి ఎప్పట్నుంచో మొక్కు. మేం పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద వెళ్లాం. 1940లో తెరిచిన రోడ్డు. దాని మీది సొరంగాల్లో కొన్ని అసలు రైలు కోసం తవ్వడం మొదలుపెట్టి 1880లలో వదిలేసినవి. మధ్యలో పెట్రోలు పోయించుకోవడానికి ఆగాం. మా న్యూజెర్సీలో ఎవరి పెట్రోలు వారు పోసుకోకూడదని 1949 నుంచి చట్టం, బంకు మనిషే వచ్చి పోస్తాడు. పెన్సిల్వేనియాలో మనమే దిగాలి. నాన్న నన్ను దిగనివ్వలేదు. గొట్టం తీసి, వాసన చూసి, నింపి, చివర ఒక్క చుక్క కింద పడకుండా విదిలించి పెట్టారు. అంకె పుస్తకంలోకి ఎక్కింది.

బస చేసిన చోట ఒకే ఒక్క ఛార్జరు, దాని ముందు రాత్రంతా ఎవరిదో పెట్రోలు కారు. మర్నాడు దర్శనానికి ఇంజను మీదే వెళ్లాం. నేను బ్యాటరీని గుడి కొండ కోసమని దాచి ఉంచితే బాగుండేది. అందుకు 'హోల్డ్' అని ఒక మీట ఉంది, హైవే మీద పెట్రోలు వాడుకుని కరెంటుని ఊళ్లోకి అట్టే పెడుతుంది. వెళ్లేటప్పుడు వాడలేదు. పులిహోర ప్రసాదం తింటూ ఆ మాట చెప్పి బాధపడితే, "వచ్చేటప్పుడు చూద్దాం లే" అన్నారు నాన్న.

వచ్చేటప్పుడు అలెఘనీ సొరంగం దాటి తూర్పు వైపుకి వస్తుంటే పొడుగాటి దిగుడు వచ్చింది. పటికబెల్లాన్ని ఇంకోసారి వెనక్కి లాగితే 'బి' పడుతుంది. అప్పుడు యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, మోటారే ఎదురు తిరిగి చక్రాలను పట్టి ఆపుతూ, ఆ జోరుని కరెంటుగా మార్చి బ్యాటరీలో వేస్తుంది. నేను బ్రేకు తాకలేదు. తెర మీద సున్నాకి దగ్గరగా ఉన్న మైళ్లు ఒకటి, రెండు, మూడు అయ్యాయి. నాన్న ముందుకి వంగి చూస్తున్నారు. బ్రహ్మోత్సవాలప్పుడు డ్యూటీ మీద తిరుపతి వెళ్లిన రోజులు చెప్పడం మొదలుపెట్టారు. ఘాట్‌లో దిగేటప్పుడు మంచి డ్రైవరు బ్రేకు మీద కాలు ఉంచడు, గేరులో పట్టి దింపుతాడు. రానివాడు దింపితే డ్రమ్ములు కాలి, కింద బస్టాండుకి వచ్చేసరికి మైలు దూరం నుంచే వాసన. "ఆ వేడంతా ఏమైపోయేది? గాల్లో కలిసేది. వీడు దాన్ని మూట కట్టి దాచుకుంటున్నాడు" అన్నారు. మూడు మైళ్ల కరెంటు, డబ్బుగా చూస్తే పావలా. ఆయన దాన్ని పుస్తకంలో విడిగా, ఎర్ర సిరాతో రాశారు.

సెప్టెంబరులో వాళ్లు వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్టు నుంచి ఒక్కదాన్నే వస్తుంటే ఎక్కడో ఇంజను మొదలైంది. నేను గుర్తుపట్టాను.

ఇప్పుడు ఎడిసన్‌లో ఆకులు రాలుతున్నాయి, పొద్దున్నే మంచు పట్టడం మొదలైంది. మంచు కురిసిన రోజున నాలుగు చక్రాల మోడ్‌లో పెట్టుకోండి, ఇంజను కూడా పని చేస్తుంది గానీ అప్పుడు పెట్రోలు లెక్క చూడకండి. ఈ బండి ఉన్నవాళ్లు టాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకండి, అది కూడా పాడవుతుంది. ఇంకేమైనా అడగాలనుకుంటే రాయండి, నాకు తెలియనిది నాన్నని అడిగి రాస్తాను.

నోటు పుస్తకం డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది. నాన్న గీసిన గళ్లు ఇంకా పన్నెండు పేజీలు ఉన్నాయి. ఈ ఉత్తరం మధ్యలో లేచి వెళ్లి కేబులు పెట్టి వచ్చాను. మీటరు 31,482. రేపు పొద్దున యూనిట్లు చూసి, పేజీ ఫోటో తీసి ఆయనకి పంపాలి. నిన్న పంపడం ఆలస్యమైతే అమ్మ చేత ఫోను చేయించారు.

ఇట్లు,
మీ ఎడిసన్ నేస్తం